కుండది నేరం, కంపెనీది లైసెన్సు



మామిడి తొక్కలు, మిగిలిన పండ్లు, పిండి తీసిన గింజల పిప్పితో కొత్త రకం మద్యాలు తయారు చేయడం గురించి ఇప్పుడు ల్యాబుల్లో పరిశోధన జరుగుతోంది. దాన్ని ‘ఆవిష్కరణ’ అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా వాడలో పగిలిన కుండలు గుర్తొస్తాయి. ఆబ్కారోళ్లు జీపు దిగేవాళ్లు. నల్లబెల్లం, తుమ్మచెక్క నానబెట్టిన కుండను ముంగిట్లోనే తన్ని పగలగొట్టేవాళ్లు. ఆ పెద్దమ్మ మీద కేసు. ఆమె చేసిన పనిని ఎవరూ ఆవిష్కరణ అనలేదు.

శాస్త్రం రెండు చోట్లా ఒకటే. ఈస్టు చక్కెర తిని ఆల్కహాల్ ఇస్తుంది. కాస్తే అది ఘాటెక్కుతుంది. తేడా వచ్చేది చట్టంలో.

హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ 1316, అంటే దాదాపు 1906–07లో, ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు, సారా ఖజానాకు రాబడి అయ్యాయి. లైసెన్సు లేని కుండ నేరమైంది. అంతకు ముందే 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు మీదే చట్టం చేసింది. కరువులో పేదల కడుపు నింపే పువ్వది!

ఇక చక్కెర ఫ్యాక్టరీల సంగతి చూడండి. చక్కెర తీయగా మిగిలేది మొలాసిస్. మన దేశంలో బ్రాందీ, విస్కీ పేరుతో అమ్మేదాంట్లో చాలా భాగం దాని స్పిరిట్‌తోనే తయారవుతుంది. అదీ మిగులు సరుకే. కానీ సీసాలోకి ఎక్కితే గౌరవం. మన జగిత్యాల జిల్లా ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడి చెరకు రైతు రోడ్డున పడ్డాడు. మొలాసిస్ సీసాలు మాత్రం ఏ ఊర్లోనూ ఆగలేదు.

గుడుంబను నేను పొగడడం లేదు. తాగుడు మన ఇళ్లను కూల్చింది. 1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారా ప్యాకెట్లు అమ్మించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. సడలించినప్పుడు తిరిగొచ్చింది కంపెనీ సీసా. సారా నిషేధం మాత్రం అట్లాగే ఉంది. ఇల్లు కూలేది సీసాతోనైనా, ప్యాకెట్‌తోనైనా ఒకటే కదా?

గోవాను చూడండి. జీడిగింజకు ధర, జీడిపండు మిగులు. ఆ పండుతో కాచే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మధ్యప్రదేశ్‌లో ఇప్పసారాను ‘వారసత్వ మద్యం’గా గుర్తించి, ఆదివాసీ మహిళా సంఘాలకు తయారీ అవకాశం ఇచ్చారు. అంటే దారి ఉంది. ప్రభుత్వానికి మనసుండాలి.

జగిత్యాల మామిడికి పేరున్న జిల్లా. రేపు ఇక్కడ పండ్ల మద్యం యూనిట్ వస్తే, తంగళ్ళపల్లి నుంచి కోరుట్ల దాకా మన విద్యార్థులు అడగాల్సిన ప్రశ్నలు మూడే. లైసెన్సు ఎవరికి? పండ్ల పెక్టిన్ నుంచి పుట్టే మిథనాల్‌ను కొలిచే పరీక్ష ఎక్కడ? కుండ పగిలి కేసులు మోసిన కులాల ఆడవాళ్లకు అందులో వాటా ఎంత?

ఈ మూడింటికీ జవాబు లేకుంటే, అది కొత్త పేరు పెట్టుకున్న పాత ఆబ్కారే.

జై భీమ్.