మయసభ యెవరిది?

మన గ్రంథాలయమున బాలురు చదివెడి బొమ్మల కథలలో ఒక వృత్తాంతము తరచుగా కానవచ్చును. పేదవాడగు శాస్త్రజ్ఞుడు అద్భుతయంత్రమును కల్పించును. పెట్టుబడి పెట్టిన ధనికుడు అది తనదనును. ఈ తగవు కథలకే పరిమితము కాదు.

ఖాండవదహనమున ప్రాణము దక్కించుకొన్న మయుడు కృతజ్ఞుడై ధర్మరాజునకు సభ నిర్మించెను. సభ ధర్మరాజుది, లోకము మాత్రము దానిని మయసభ యనియే పిలుచుచున్నది. స్వత్వ మొకరిది, కీర్తి యొకరిది. గ్రామ లెక్కలు వ్రాయు మాబోటివారికి ఈ భేదము క్రొత్త కాదు. అడంగలులో పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు.

బుద్ధి పండించిన పంటకు ప్రభుత్వ మిచ్చు పట్టాయే పేటెంటు. మన దేశమున ఈ చట్టము 1856లో పుట్టినది. ఆ యేటి మార్చి 3వ తేదీన కలకత్తావాసి డిపెన్నింగు పంకా లాగు యంత్రమునకై తొలి దరఖాస్తు పెట్టెను.

ధనమిచ్చువా రందరు ఒక తీరున నుండరు. మాక్సుముల్లరు పరిష్కరించిన సాయణభాష్యసహిత ఋగ్వేదమునకు మొదట ఈస్టిండియా కంపెనీ ధనసహాయము చేసెను. 1890-92లో వెలువడిన రెండవ కూర్పునకు ద్రవ్యమిచ్చినవారు మన విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజుగారు. ముఖపత్రమున పండితుని పేరు పండితునిగా, పోషకుని పేరు పోషకునిగా నిలిచినవి.

వ్యాపారసంస్థల తీరు వేరు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున చేరిరి. అది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందినది. వారి నాయకత్వమున వెలువడిన హెట్రజాను బోదకాలు వ్యాధికి మందు. మన తీరసీమలో ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్ర యదియే. అచ్చటనే డగ్గరు కనుగొన్న ఆరియోమైసినునకు 1949లో పేటెంటు లభించెను. కల్పించినవానిగా డగ్గరు పేరు, హక్కుదారుగా కంపెనీ పేరు అందు కలవు. సుబ్బారావుగారు అంతకు ముందే, 1948లో, దివంగతులైరి.

ఇది అన్యాయమా? ఫలింపని ప్రయోగముల వ్యయమును భరించినది కంపెనీయే. కావున హక్కు దానిదనుట తగును. కాని ఆ మాత్ర మింగిన మనవారిలో నెందరికి సుబ్బారావుగారి పేరు తెలియును? హక్కును విక్రయింపవచ్చును, పేరు మరుగుపడరాదు.

మన 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము ఈ రెంటిని గుర్తించినది. హక్కు బదిలీ వ్రాతపూర్వకముగా నుండవలెను, నోటిమాట చెల్లదు. హక్కు పరుల పాలైనను, కోరినచో కల్పించినవాని పేరు పేటెంటున చేర్చుదురు. దాని గడువు దరఖాస్తు నాటినుండి 20 ఏండ్లు.

రేపు మన యూరి యువకు డొకడు క్రొత్త నూర్పిడి యంత్రమును కల్పింపవచ్చును. ధనమిచ్చువాని పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు, హక్కెవరిది, లాభమున పాలెంత, పేరు నిలుచునా యని అతడు చదివి చూచుకొనవలెను. అట్లు చదువగల శక్తిని ప్రసాదించుటకే గదా గ్రంథాలయము లున్నవి! ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము ఆ సేవను చిరకాలము సాగించుగాక!