సెకండ్ హ్యాండ్ కారు: ఇంజిన్ ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చాలి?

జంషెడ్‌పూర్‌లో సోనారి నుంచి బిష్టుపూర్‌కు, కదమా నుంచి సాక్చీకి మాత్రమే తిరిగే కారు ఏడాదికి 4,000 కిలోమీటర్లు దాటడం కష్టం. మారుతి సహా చాలా పెట్రోలు కార్ల సర్వీసు పుస్తకాల్లో ఆయిల్ మార్పునకు 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందయితే అది అని ఉంటుంది. ఇందులో మొదటి సగమే పట్టించుకుంటే ఆ కారులో ఒకే ఆయిల్ రెండున్నరేళ్లు ఉండిపోతుంది.

వాడిన కారు కొన్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. పాత యజమాని చివరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చాడో తెలియదు. ఓడోమీటర్‌ను వెనక్కి తిప్పడం అందరూ ఎరిగిన మోసమే. అధీకృత సర్వీసు కేంద్రం బిల్లు చేతిలో లేకపోతే, కొన్న వారంలోనే ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్పించి ఆ తేదీనీ, మీటరు అంకెనూ రాసిపెట్టుకోవాలి. లెక్క అక్కడి నుంచే మొదలు. లోపల మడ్డి పేరుకుందనిపిస్తే రెండో మార్పు 2,500 కిలోమీటర్లకే చేయించడం మంచిది. పాత ఇంజిన్‌లో ఘాటైన ఫ్లష్ ద్రావకాలు పోయించడం కన్నా ఇది మేలు. ఊడిన మడ్డి ఆయిల్ దారులకు అడ్డుపడే ప్రమాదం ఉండదు.

తక్కువ తిరిగితే ఆయిల్ పాడవదనుకోవడం పొరపాటు. కూలెంట్ కన్నా ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది. నాలుగు కిలోమీటర్లకే ఇంజిన్ ఆపేస్తే అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు బయటకు పోవు. దానికి తోడు ఇక్కడి వేసవి ఎండ, ఫ్యాక్టరీల చుట్టూ దుమ్ము, ట్రక్కుల వెనక ఇంజిన్ నడుస్తూ నిలిచిపోయే ట్రాఫిక్. ఇలాంటి వాడకాన్ని కంపెనీలు కఠిన పరిస్థితులుగా లెక్కగట్టి గడువు తగ్గించమంటాయి. ఈ ఊళ్లో ఏడాదికోసారి లేదా 5,000-7,500 కిలోమీటర్లకోసారి మార్చడం సబబు. సంక్రాంతికి ఉత్తరాంధ్ర దాకా నడిపే కారుకు హైవే పరుగు నిజానికి మేలే చేస్తుంది.

రంగు చూసి తీర్పు చెప్పకూడదు. డీజిల్ కారులో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది. డిప్‌స్టిక్‌పై పాలు కలిపిన టీ రంగు కనిపించి, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. అది ఆయిల్ మార్పుతో తీరేది కాదు. బీఎస్-6 డీజిల్‌లో ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించవద్దు. పొగ గొట్టంలోని మసి ఫిల్టర్ చిన్న ప్రయాణాల్లో పూర్తిగా శుభ్రపడక డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. ఆ ఫిల్టర్ ఉన్న కార్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పోయాలి.

గ్రేడ్ సంగతి మెకానిక్ అలవాటుకు వదిలేయవద్దు. కొత్త పెట్రోలు ఇంజిన్లలో కొన్నింటికి 0డబ్ల్యూ-16 అంత పల్చటి ఆయిల్ కావాలి. "పాత బండి కదా" అని చిక్కటిది పోయించడం చాలాచోట్ల చూస్తాం. యజమాని పుస్తకంలో అనుమతి ఉంటే తప్ప ఒప్పుకోవద్దు. డబ్బా సీలు మీ ఎదుటే తీయించండి.

వాడిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలువలో పారబోస్తే ఖర్కాయ్, సువర్ణరేఖ నదుల్లోకి చేరుతుంది. ఇంట్లోనే మార్చుకునేవారు దాన్ని డబ్బాలో పట్టి, సేకరించే సర్వీసు కేంద్రానికి ఇవ్వాలి.