కీ ఎవరి చేతిలో ఉంది

2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసేయడానికి ఆమోదం తెలిపింది. అప్పటికే ఆ వాచీలు చాలా ఇళ్లలో బీరువా సొరుగుల్లోకి చేరిపోయాయి. అయినా తాతగారి జనతా వాచీ ఆగిపోతే, ఓ మోస్తరు ఊళ్లో బస్టాండు పక్క రిపేరు దుకాణంలో ఇచ్చి, కొద్దిపాటి ఖర్చుతో ఇప్పటికీ నడిపించుకోవచ్చు. అదే లక్షలు పోసి కొన్న స్విస్ వాచీ ఆగిపోతే, దాన్ని చేసిన కంపెనీ నిక్షేపంలా ఉన్నా సరే, ఆ దుకాణంలో పని జరగదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపాలి, వారాలూ నెలలూ ఆగాలి, బిల్లు చూశాక ఈ డబ్బుతో ఇంకో మంచి వాచీ వచ్చేదే అని నిట్టూర్చాలి. చచ్చిన కంపెనీ వాచీకి పది దారులు, బతికున్న కంపెనీ వాచీకి ఒక్కటే దారి. ఈ తిరకాసుకి మామూలుగా చెప్పే కారణం ఏమిటంటే, ఖరీదైన వాచీలో పనితనం అతి సున్నితం, వీధిలోని చేతులకి అది లొంగదు అని. ఆ మాటలో నిజం బొత్తిగా లేకపోలేదు. కానీ ఈ వృత్తి చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే, వాచీ బాగవుతుందా లేదా అన్నది పనితనం కన్నా ముందు విడిభాగాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాన్ని బట్టి తేలుతూ వచ్చిందని అర్థమవుతుంది.

ముందుగా సర్వీసింగూ రిపేరూ ఒకటి కావని చెప్పుకోవాలి. కీ ఇచ్చినప్పుడు చుట్టుకునే మెయిన్ స్ప్రింగ్ విచ్చుకుంటూ పళ్లచక్రాలను తిప్పుతుంది, ఆ బలాన్ని బాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతూ ముక్కలుగా కోస్తుంది. పాత హెచ్.ఎం.టి. మిషను గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకు 5, రోజుకు 4,32,000, ఏడాదికి 15 కోట్లకు పైనే. డయల్ మీద గర్వంగా రాసుకునే ‘17 జ్యూయెల్స్’ నగల రాళ్లు కావు. ఇరుసులు అరిగిపోకుండా పెట్టిన కృత్రిమ కెంపులు. వాటి దగ్గరి చుక్క నూనె కొన్నేళ్లకి ఎండుతుంది, దుమ్ముతో కలిసి జిగురు కడుతుంది. మిషను విప్పి, కడిగి, మళ్లీ నూనె వేయడం సర్వీసింగు. దానికి కావలసింది చెయ్యి, కన్ను, ఓర్పు. కానీ వాచీ చేయి జారి నేల మీద పడి బాలెన్స్ వీల్ ఇరుసు, అంటే బాలెన్స్ స్టాఫ్, కొన విరిగిందనుకోండి. వెంట్రుక మందం ఉండే ఆ కొనను ఎంతటి ఓర్పూ అతికించలేదు. అక్కడ ఇంకో స్టాఫ్ కావాలి. దొరికితే రిపేరు, దొరక్కపోతే బీరువా.

ఒకప్పుడు ఈ పేచీ లేదు, ఎందుకంటే విడిభాగం అన్నదే లేదు. పద్దెనిమిదో శతాబ్దపు జేబు గడియారంలో ప్రతి చక్రాన్నీ దాని పక్క చక్రానికి సరిపోయేలా ఆకురాయితో అరగదీసి కూర్చేవారు. ఒక గడియారం ముక్క మరోదానిలో ఇమడదు. కాబట్టి బాగుచేసేవాడు తయారుచేయడం కూడా తెలిసినవాడై ఉండాలి. అలాంటివాళ్లు ఎందరుంటారు? ఎంత తీసుకుంటారు? చేతిపని స్వర్ణయుగం అని మనం ముచ్చటపడే ఆ రోజుల్లో గడియారం బాగుచేయించుకోవడం ధనికుల వ్యవహారం. దాన్ని మామూలు మనిషికి అందించింది యంత్రం. 1850లలో అమెరికాలోని వాల్తమ్ కంపెనీ ఒకదాని బదులు మరొకటి బిగించగలిగే భాగాలను యంత్రాల మీద చేయడం మొదలుపెట్టింది. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ పని చూసివచ్చిన లాంజీన్స్ ఇంజినీరు జాక్ డేవిడ్, మనం మారకపోతే మునుగుతామని స్విస్ పరిశ్రమను హెచ్చరిస్తూ నివేదిక రాశాడు. స్విస్‌వాళ్లు మొదట గింజుకున్నా చివరికి మారారు. మిషను ఒకచోట, పేరు ఇంకోచోట అనే పద్ధతి బలపడి, డయల్ మీద ఎవరి పేరున్నా లోపలి యంత్రం కొద్ది ఫ్యాక్టరీలదే అయింది. 1926లో ఆ మిషన్లు చేసే పెద్ద సంస్థలు ఎబోష్ ఎస్.ఎ. పేరుతో ఒక గొడుగు కిందికి వచ్చాయి.

విడిభాగం ఎంత పెద్ద ఆయుధమో స్విస్‌వాళ్లకి అప్పుడే తెలుసు. 1934లో బిగించని మిషన్లు, భాగాల ఎగుమతికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. పరాయి దేశాలు వాటిని తెచ్చుకుని సొంత పరిశ్రమ పెట్టుకోకూడదన్నది దాని ఉద్దేశం. ఆ ద్వారం పోటీదారుడికి మూశారు గానీ రిపేరుచేసేవాడికి మూయలేదు. మెయిన్ స్ప్రింగ్‌కి 770, బాలెన్స్ స్టాఫ్‌కి 723, కీ తిప్పే కడ్డీకి 401 అంటూ ఏ కంపెనీ మిషనుకైనా వర్తించే అంకెలతో కేటలాగులు అచ్చువేశారు. మిషను నంబరుకి ఈ అంకె జోడించి ఉత్తరం రాస్తే, భాష రాకపోయినా సరైన ముక్క వచ్చేది. కొన్నవాడి వాచీ వాడి ఊళ్లోనే బాగుపడితేనే ఇంకొకడు కొంటాడని ఆనాటి వ్యాపారానికి తెలుసు.

మన దేశంలోకి వాచీ ఈ దారినే వచ్చింది. ఫావ్ర్-లూబా 1865 నుంచి బొంబాయిలో ఉంది. వెస్ట్ ఎండ్ వాచీలు సిపాయిల చేతుల మీదుగా పల్లెలకీ చేరాయి. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతుల మీద ఆంక్షలు బిగిశాయి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీలు మొదలయ్యాయి. తొలి వాచీలను నెహ్రూ విడుదల చేశారు. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. జనతా అనీ పైలట్ అనీ పేర్లు మారినా లోపల కొట్టుకునేది ఇంచుమించు ఒకే మిషను. అల్లుడికి పెట్టుపోతల్లో వాచీ పెట్టాల్సిన కాలమది, హెచ్.ఎం.టి. కాంచన్ మోడల్ దొరకడమే గగనంగా ఉండేది. ఎంపిక తక్కువ, నిరీక్షణ ఎక్కువ అని ఆ రోజులను ఎద్దేవా చేస్తుంటాం. వాచీ కొనేవాడి వైపు నుంచి చూస్తే అది న్యాయమే. రిపేరు బల్ల వైపు నుంచి చూస్తే మాత్రం అది వరం. కొద్ది రకాల మిషన్లు కోట్ల సంఖ్యలో, దశాబ్దాల తరబడి వచ్చాయి కాబట్టి ఒక జనతాను నేర్చుకున్నవాడు ఊళ్లోని సగం మణికట్లకి డాక్టరయ్యాడు. నడవని ప్రతి వాచీ నడిచేవాటికి అవయవదాత అయింది. కంపెనీ పోయినా ఆ నిల్వ పోలేదు.

ఇదంతా మెకానిక్కుల ప్రతిభను తక్కువ చేయడం కాదా అని అడగవచ్చు. కంటికి ఐగ్లాసు, చేతిలో ట్వీజరు, ఊపిరి బిగబట్టి హెయిర్ స్ప్రింగ్ సరిచేసే ఆ నేర్పును ఎవరూ కాదనలేరు. కానీ అదే నేర్పు రెండు వాచీల దగ్గర రెండు ఫలితాలు ఎందుకిస్తుంది? మన హైదరాబాద్ ఆల్విన్ సంగతే చూడండి. జపాన్ సీకో సహకారంతో అది చేసిన వాచీలు నాసిరకమేమీ కావు. అవి వచ్చినదే హెచ్.ఎం.టి. కన్నా చాలా తక్కువ కాలం, చాలా తక్కువ సంఖ్యలో. బాగుచేసే చేయి అదే అయినా ముక్క కోసం వెతుకులాట రెట్టింపవుతుంది. నేర్పు లేనిదే పని జరగదు, నిజమే. ముక్క లేని చోట నేర్పు ఉన్నా ఖాళీగా కూర్చోవలసిందే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. ఈ వృత్తిని దెబ్బతీసింది విడిభాగాల కరువు కాదు, కీ అవసరం లేకుండా సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీ అని. 1969 డిసెంబరు 25న టోక్యోలో ఆ రకం వాచీ సీకో ఆస్ట్రాన్ వచ్చింది. 1970లో దాదాపు 90 వేలున్న స్విస్ వాచీ ఉద్యోగాలు 1980ల మధ్యకి మూడో వంతుకి పడిపోయాయి. మన దగ్గర 1987లో టైటాన్ దుకాణాల్లోకి వచ్చాక కీ ఇచ్చే వాచీ పాతకాలపు వస్తువైంది, మెకానిక్కు సెల్లు మార్చేవాడయ్యాడు. ఇదంతా ఒప్పుకోవలసిందే. అయితే క్వార్ట్జ్ తీసుకుపోయింది గిరాకీని, సాధ్యతను కాదు. అది చేసిన రెండో పని తక్కువగా చర్చకొస్తుంది. టైము చూడటానికి ఇక అవసరం లేని యంత్రపు వాచీని అది హోదా వస్తువుగా మార్చింది. కోట్లలో అమ్మేవాడికి రిపేరు దుకాణం స్నేహితుడు, వేలల్లో అమ్మి ప్రతిదాని మీదా లాభం పిండుకోవలసినవాడికి అదే దుకాణం అడ్డు. ద్వారం మూసుకోవడం అక్కడ మొదలైంది.

ఐరోపాలో ఆ మూత కోర్టుకెక్కింది. పేరున్న కంపెనీలు స్వతంత్ర మెకానిక్కులకి భాగాలు ఇవ్వడం మానేస్తున్నాయని 2004లో అక్కడి వాచీ రిపేరుదారుల సంఘాల సమాఖ్య యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసింది. 2008లో కమిషన్ కొట్టేసింది. 2010లో యూరోపియన్ జనరల్ కోర్టు ఆ నిర్ణయాన్ని తప్పుపట్టి రద్దుచేసింది. కమిషన్ మళ్లీ విచారించి 2014లో మళ్లీ కొట్టేసింది, 2017లో కోర్టు ఈసారి దాన్నే ఖాయం చేసింది. పదమూడేళ్లు! నాణ్యత కాపాడాలి, నకిలీలను అరికట్టాలి, అందుకు ఎంపిక చేసినవాళ్లకే భాగాలు ఇవ్వడం సబబే అన్నది సారాంశం. ఈ వాదనను తేలిగ్గా తోసేయలేం. నీళ్లు చొరని వాచీని విప్పి మూశాక ప్రెషర్ పరీక్ష చేయకపోతే వర్షంలోనే అది చెడుతుంది. కొత్త మిషన్ల కొలతల్లో వెసులుబాటు నిజంగానే తక్కువ. అయితే ఇవి శిక్షణ, పరికరాలు కావాలనడానికి కారణాలు. శిక్షణ, పరికరాలు రెండూ ఉన్నవాడికి సైతం ముక్క ఇవ్వకపోవడానికి వీటిలో కారణం లేదు. స్విట్జర్లాండ్‌లోనే 1966 నుంచి వోస్టెప్ అనే సంస్థ ప్రపంచం నలుమూలల మెకానిక్కులకి పాఠాలు చెబుతోంది. ఆ పట్టా ఉన్నంత మాత్రాన కంపెనీ గిడ్డంగి తలుపు తెరుచుకోదు.

తెరిచిన తలుపు వల్ల నష్టం లేదా అంటే ఉంది. సేకర్తలు ‘ముంబై స్పెషల్’ అని వెక్కిరించే సరుకు దాని ఫలితమే. నాలుగు పాత వాచీల ముక్కలు కలిపి, డయల్ మీద నెమలి రంగులు పూసి, ఏనాడూ ఫ్యాక్టరీలో పుట్టని మోడల్‌ను పాత హెచ్.ఎం.టి. అని అమ్ముతారు. తాత జ్ఞాపకం కోసం వెతికేవాళ్లకి ఇది మోసమే. కాకపోతే అధీకృత సర్వీసు కూడా వస్తువును యథాతథంగా ఉంచుతుందని భ్రమపడకూడదు. పసుపుబారిన డయల్, వన్నె తగ్గిన ముళ్లు మార్చేసి, కేసును తళతళలాడేలా పాలిష్ పట్టించి ఇవ్వడం అక్కడా మామూలే. వారసత్వంగా వచ్చిన వాచీ కొత్త పెళ్లికొడుకులా తిరిగొస్తుంది. తేడా ఏమిటంటే, వీధి దుకాణంలో ‘డయల్ ముట్టుకోవద్దు’ అని బల్ల అవతలున్నవాడితో ముఖాముఖి చెప్పుకోవచ్చు. కంపెనీలో అది ఒప్పంద పత్రంలోని గడుల్లో ఇమిడితేనే చెల్లుతుంది.

పాత వాచీ వెనక మూత విప్పితే లోపలి వైపు సూదిమొనతో గీసిన చిన్న గుర్తులు కనిపిస్తుంటాయి. ఒక తేదీ, ఒక పొడి అక్షరం, ఎవరికీ అర్థం కాని ఓ అంకె. సర్వీసు చేసిన మెకానిక్కు తన పనిని తానే గుర్తుపట్టడానికి పెట్టుకున్నవి అవి. చాలా చేతులు మారిన వాచీలో రెండు మూడు రకాల చేతిరాతలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కంపెనీకే వెళ్లొచ్చే వాచీకి సర్వీసు చరిత్ర కంపెనీ కంప్యూటర్లో, సీరియల్ నంబరు కింద ఉంటుంది. మూత లోపల నున్నగా ఉంటుంది.