హక్కు

పుస్తకం మొదటి పేజీల్లో 'సర్వహక్కులు రచయితవి' అని ఉంటుంది. ఇంటి దస్తావేజులోనూ 'సర్వహక్కులతో' అనే రాస్తారు. అరబ్బీలో 'హఖ్' అంటే సత్యం, న్యాయంగా చెందవలసింది కూడా. ఆ మాటే ఉర్దూ మీదుగా వచ్చి మన నోట హక్కయింది.

ఈ హక్కు ఇప్పుడు ఫోన్ వీడియోల్లోనూ ఎదురవుతోంది. అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చారు. అక్కడి జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకారులున్నారు. ఓ కుర్రాడు పడవలు ఒడ్డుకు చేరడం, వలలోంచి చేపలు దులపడం ఫోన్లో తీసి, వెనక సినిమా పాట పెట్టాడనుకోండి. యూట్యూబ్‌లో 'క్లెయిమ్', అంటే పాట తమదేనన్న దావా, పడితే ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకు పోవచ్చు. 90 రోజుల్లో 3 'స్ట్రైక్‌'లు, అంటే కాపీరైట్ ఉల్లంఘన హెచ్చరికలు, పడితే ఛానెలే పోవచ్చు. 'ఫెయిర్ యూజ్' అని వాదిస్తారు గానీ అది అమెరికా చట్టం మాట. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉన్నది 'ఫెయిర్ డీలింగ్': సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్త వంటి వాటికే. పడవల వెనక అలంకారంగా పెట్టిన పాట అందులో ఇమడదు. కుర్రాడి కష్టం చూస్తే మాత్రం నాకు బాధే.

అవే దీవుల్లో ఇంకో హక్కుంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: తమను ఎవరూ చిత్రించకుండా ఉండే హక్కు. అక్కడి ఆదివాసులైన జారవాలను ఆహారం ఆశ చూపి ఆడించిన వీడియో 2012లో బయటపడి దేశాన్ని కలచివేసింది. వాళ్లను వీడియో తీయడమే అక్కడ నేరం.