డిగ్రీలో ఫిజిక్స్ తీసుకుంటున్నారా? పక్కన ఏ సబ్జెక్టు ఉందో ముందు చూసుకోండి

ఇంటర్ ఎంపీసీ పాసయ్యారు, ఇంజినీరింగ్‌లో అనుకున్న సీటు రాలేదు. ఇప్పుడేం చేయాలి? ఏటా వేసవిలో మన ఇళ్లలో వినిపించే మాటే ఇది. అమ్మాయి అయితే ఇంటికి దగ్గరున్న కాలేజీలో ఏ గ్రూపు దొరికితే అందులో చేర్పిస్తారు. బీఎస్సీలో ఫిజిక్స్ ఉన్న గ్రూపులన్నీ ఒకటే అనుకుంటారు. అసలు పొరపాటు అక్కడే. ఉస్మానియా యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఈ కోర్సు ఎలా ఉంటుందో చూద్దాం.

గ్రూపులు

బీఎస్సీ మూడేళ్లు, 6 సెమిస్టర్లు. ఫిజిక్స్ ఒక్కటే కాకుండా మరో రెండు సబ్జెక్టులతో కలిపి చదవాలి. ఎక్కువ కాలేజీల్లో కనిపించేవి రెండు: మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండే ఎంపీసీ, కెమిస్ట్రీ బదులు కంప్యూటర్ సైన్స్ ఉండే ఎంపీసీఎస్. కొన్ని చోట్ల ఎలక్ట్రానిక్స్‌తో కూడిన గ్రూపు కూడా ఉంది. వీటన్నింటిలో మ్యాథ్స్ ఉంటుంది కాబట్టి ఇంటర్‌లో మ్యాథ్స్ చదివి ఉండాలి.

ఏం చదువుతారు?

రాష్ట్రంలో నడిచిన కామన్ సిలబస్ ప్రకారం మొదటి నాలుగు సెమిస్టర్లలో మెకానిక్స్, థర్మల్ ఫిజిక్స్, విద్యుదయస్కాంత సిద్ధాంతం, తరంగాలు-ఆప్టిక్స్ వరుసగా వస్తాయి. చివరి ఏడాదిలో మోడరన్ ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్ లాంటి పేపర్లు ఉంటాయి. థియరీతో పాటు ల్యాబ్ తప్పనిసరి. ఫ్లైవీల్, కాంపౌండ్ పెండ్యులం, న్యూటన్ రింగ్స్, ఎల్‌సీఆర్ సర్క్యూట్ వంటి ప్రయోగాలు విద్యార్థి తన చేత్తో చేసి రికార్డు రాయాలి. అందుకే చేరే ముందు ఒకసారి కాలేజీకి వెళ్లి ల్యాబ్ చూడండి. పరికరాలు పనిచేస్తున్నాయా, వారానికి ఎన్ని ప్రాక్టికల్ క్లాసులు జరుగుతున్నాయి అని సీనియర్లను అడగండి.

తర్వాతి దారులు

గవర్నమెంట్ స్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ కావాలనుకుంటే డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఉండటం మేలు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఎడ్, టెట్‌తో పాటు డిగ్రీలో ఈ సబ్జెక్టులను కూడా చూస్తారు. ఎంపీసీఎస్ చదివినవాళ్లకు మ్యాథ్స్ టీచర్ దారి ఉంది కానీ ఫిజికల్ సైన్స్ పోస్టు దగ్గర ఇబ్బంది వస్తుంది. సాఫ్ట్‌వేర్ వైపు లేదా ఎంసీఏకు వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం ఎంపీసీఎస్ బాగా పనికొస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు రాష్ట్ర యూనివర్సిటీల్లో సీపీగెట్, ఐఐటీల్లో జామ్ పరీక్ష రాయాలి.

అడ్మిషన్ ఎలా?

తెలంగాణలో చాలా డిగ్రీ కాలేజీల సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారానే నింపుతున్నారు. ఆధార్‌కు మొబైల్ నంబరు లింకై ఉందో లేదో ముందే చూసుకోండి. చాలా ఇళ్లలో ఆ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది, ఓటీపీ దగ్గర పని ఆగిపోతుంది. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే సీటు పోతుంది. బీసీ-ఈ కిందకు వచ్చే కుటుంబాలు కుల సర్టిఫికెట్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలనుకునేవాళ్లు ఆదాయ సర్టిఫికెట్ మీ సేవలో ముందుగానే తీసుకోవాలి.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. 1998లో మొదలైన ఈ సెంట్రల్ యూనివర్సిటీలో బీఎస్సీ కూడా ఉర్దూలోనే చెబుతారు. దీనికి దోస్త్‌తో సంబంధం లేదు, విడిగా అప్లై చేసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పద్ధతి వేరు. అక్కడ 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానం వచ్చింది. ఆ విధానంలో ఫిజిక్స్‌ను మేజర్‌గా తీసుకుని, ఇంకో సబ్జెక్టును మైనర్‌గా ఎంచుకోవాలి. అక్కడ కూడా టీచర్ ఉద్యోగం ఆలోచన ఉంటే మైనర్ ఏది తీసుకోవాలో లెక్చరర్‌ను అడిగాకే నిర్ణయించుకోండి.

చివరిగా అమ్మీ-అబ్బాలకు ఒక మాట. వెబ్ ఆప్షన్లు పెట్టే పని నెట్ సెంటర్ అతనికి వదిలేయకండి. ముందు రోజు రాత్రి బిడ్డను కూర్చోబెట్టుకుని, డిగ్రీ అయ్యాక ఏం చేయాలనుకుంటున్నావని అడగండి. ఆ జవాబును బట్టే గ్రూపు రాయండి. కాలేజీ రెండు బస్‌స్టాపులు దూరమైనా పర్వాలేదు.