టండ్రా నేలలో కర్బన, పోషక చక్రాలు: అలాస్కా పరిశోధనల చరిత్ర

అలాస్కాలో బ్రూక్స్ పర్వతాలకు ఉత్తరాన పరచుకున్న టండ్రాలో వేసవికి నేల పైపొర మాత్రమే కరుగుతుంది. కింద ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. చలిలో సూక్ష్మజీవులు మందగిస్తాయి కాబట్టి రాలిన ఆకులు, చచ్చిన వేళ్లు పూర్తిగా కుళ్లవు. వాటిలోని కర్బనం వేల ఏళ్లుగా నేలలోనే పోగుపడింది. నత్రజని, భాస్వరం కూడా అందులోనే చిక్కుకుపోవడంతో మొక్కలకు ఎప్పుడూ కొరతే. ఉత్తరార్ధగోళపు పెర్మాఫ్రాస్ట్ ప్రాంత నేలల్లో 1,460 నుంచి 1,600 బిలియన్ టన్నుల కర్బనం ఉందని అంచనా. వాతావరణంలో ఉన్నదానికి ఇది దాదాపు రెట్టింపు.

1970ల తొలినాళ్లలో, అప్పట్లో బారో అని పిలిచిన ఉత్కియాగ్విక్ దగ్గర ఈ చక్రాలపై విస్తృత అధ్యయనం జరిగింది. చమురు పైపులైను కోసం రోడ్డు పడ్డాక, 1975లో టూలిక్ సరస్సు ఒడ్డున పరిశోధన కేంద్రం వెలిసింది.

అక్కడ 1981లో మొదలైన ప్రయోగమే ఈ చరిత్రకు గుండెకాయ. నేల వేడెక్కితే కుళ్లడం వేగమై పోషకాలు విడుదలవుతాయి. ఆ తర్వాత ఏం జరుగుతుంది? ఇది తేల్చడానికి చదరపు మీటరుకు ఏటా 10 గ్రాముల నత్రజని, 5 గ్రాముల భాస్వరం చల్లుతూ వచ్చారు. గడ్డి దుబ్బులను మరుగుజ్జు బర్చ్ పొదలు కమ్మేశాయి. నేలపైన మొక్కల ఉత్పత్తి రెట్టింపయింది. అంత పచ్చదనం చూస్తే కర్బనం నిల్వ పెరిగిందనే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ మిషెల్ మాక్ బృందం 20 ఏళ్ల తర్వాత నేలను తవ్వి కొలిస్తే, చదరపు మీటరుకు దాదాపు 2 కిలోల కర్బనం తగ్గిపోయి ఉంది. పైన కొమ్మల్లో చేరినదానికన్నా లోతు పొరల నుంచి పోయినదే ఎక్కువ. 2004లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఈ ఫలితం తర్వాత, మొక్కల పెరుగుదలను మాత్రమే చూసి కర్బనం నిల్వను లెక్కకట్టడం ఇక చెల్లదని తేలింది.

శీతాకాలాలు వెచ్చబడి మంచు తగ్గడం వల్ల వచ్చే చిక్కు వేరు; అది అలాస్కా బయట జరిగిన ఒక ప్రయోగంలో బయటపడింది. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1990ల చివర పీటర్ గ్రోఫ్‌మన్ బృందం శీతాకాలం మొదట్లో మంచును పారలతో తొలగించింది. ఆ కప్పు పోవడంతో నేల మరింత లోతుగా గడ్డకట్టింది, సన్నని వేళ్లు చచ్చాయి, నైట్రేటు నీటితో కొట్టుకుపోయింది. శీతాకాలాలు వెచ్చబడితే నేల చల్లబడవచ్చన్నమాట.

మళ్లీ అలాస్కాకు వస్తే, అక్కడ నేల కర్బనం మంటల్లోనూ పోతోంది: 2007లో అనక్టువుక్ నది పక్కన 1,039 చదరపు కిలోమీటర్ల టండ్రా తగలబడి, సుమారు 21 లక్షల టన్నుల కర్బనం గాలిలో కలిసింది. కార్చిచ్చులను కూడా కలిపి లెక్కిస్తే ఆర్కిటిక్ టండ్రా ఇప్పుడు పీల్చుకునేదానికన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతోందని అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 2024 నివేదిక ప్రకటించింది.