యాసిడ్‌ దాడి.. ఎఫ్‌ఐఆర్‌లో రాసే సెక్షనే కీలకం

కర్నూలు, కడప: ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో నత్రికామ్లం, పల్లెల్లో ట్రాక్టరు బ్యాటరీల్లో గంధకికామ్లం, ఇళ్లలో మరుగుదొడ్డి కడిగే ద్రావణం. నిత్యం వాడే ఈ పదార్థాలే కక్షతో మనిషిపై పోసినప్పుడు మారణాయుధాలవుతాయి. అలాంటి ఘటనలో పోలీసులు నమోదు చేసే సెక్షన్‌పైనే నిందితుడికి పడే శిక్ష, బాధితులకు అందే సాయం, ప్రభుత్వ లెక్కల్లో ఆ నేరానికి దక్కే స్థానం ఆధారపడి ఉంటాయి.

2013కు ముందు..
యాసిడ్‌ దాడికి భారత శిక్షాస్మృతిలో ప్రత్యేక సెక్షన్‌ ఉండేది కాదు. గాయపరచడం (324), తీవ్రంగా గాయపరచడం (326), హత్యాయత్నం (307) కింద కేసులు నమోదయ్యేవి. 326 వర్తించాలంటే 320 సెక్షన్‌లో పేర్కొన్న ఎనిమిది రకాల తీవ్ర గాయాల్లో ఏదో ఒకటి అయి ఉండాలి. ఫలితంగా కత్తిపోటు, యాసిడ్‌ కేసులు ఒకే పద్దులో కలిసిపోయేవి. 2008 డిసెంబరు 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్‌ విద్యార్థినులపై జరిగిన దాడి రాష్ట్రాన్ని కుదిపేసింది. బాధితుల్లో ఒకరు చికిత్స పొందుతూ మరణించారు. నిందితులు ముగ్గురూ మూడు రోజులకే పోలీసు కాల్పుల్లో హతమయ్యారు. 2013లో చట్టాన్ని సవరించి 326-ఎ, 326-బి సెక్షన్లు చేర్చారు. 2024 జులై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 124వ సెక్షన్‌ అమల్లోకి వచ్చింది.

ఏది యాసిడ్‌?
చట్టం రసాయనాల జాబితా ఇవ్వలేదు. ఆమ్ల గుణం, తినివేసే గుణం లేదా కాల్చే స్వభావం కలిగి, మచ్చలు, వికృతి, తాత్కాలిక లేదా శాశ్వత వైకల్యం కలిగించగల ఏ పదార్థమైనా యాసిడే. ఈ నిర్వచనం ప్రకారం క్షారమైన కాస్టిక్‌ సోడా కూడా దీని పరిధిలోకి వస్తుంది. పోయడమే కాదు, తాగించినా నేరమే. గాయం నయం కానిదై ఉండాలన్న నిబంధన లేదు. బాధితులు స్త్రీలైనా పురుషులైనా సెక్షన్‌ ఒక్కటే.

* 124(1): గాయపరిస్తే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష. జరిమానా బాధితుల వైద్య ఖర్చులకు సరిపోయేలా ఉండాలి, దాన్ని వారికే చెల్లించాలి.
* 124(2): గాయపరిచే ఉద్దేశంతో యాసిడ్‌ విసిరినా, విసిరేందుకు యత్నించినా 5 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా.

ఠాణాలో, ఆసుపత్రిలో..
బాధితురాలు ఇచ్చే ఫిర్యాదును మహిళా అధికారి నమోదు చేయాలి. ఘటన ఏ ఠాణా పరిధిలో జరిగినా తొలుత ఎఫ్‌ఐఆర్‌ నమోదు చేసి, తర్వాత సంబంధిత ఠాణాకు బదిలీ చేయవచ్చు. ఫిర్యాదు నమోదు చేయని అధికారికి 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు.

బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఉచితంగా చికిత్స చేసి, వెంటనే పోలీసులకు తెలపాలి. వైద్యం నిరాకరిస్తే ఆసుపత్రి బాధ్యుడికి ఏడాది వరకు జైలు పడవచ్చు. ఆసుపత్రి మెడికో లీగల్‌ రిజిస్టరులో యాసిడ్‌ ‘పడింది’ అని రాయడానికి, ‘పోశారు’ అని రాయడానికి ఎంతో తేడా ఉంది. ప్రమాదవశాత్తు ఒలికినా, తామే తాగినా 124 వర్తించదు. తొలి వాంగ్మూలం తప్పుగా నమోదైతే విచారణలో నిందితుడికి అది వరమవుతుంది. యాసిడ్‌ తడిసిన దుస్తులు, సీసా భద్రపరిచి ఫోరెన్సిక్‌ పరీక్షకు పంపడం అందుకే ముఖ్యం.

పరిహారం, లెక్కలు
సుప్రీంకోర్టు 2013 జులై 18న కనీస పరిహారం రూ.3 లక్షలుగా నిర్ణయించింది. అందులో రూ.లక్ష 15 రోజుల్లో అందాలి. జాతీయ న్యాయసేవల సంస్థ 2018లో మహిళా బాధితుల కోసం రూపొందించిన పథకంలో ముఖం వికృతమైతే రూ.7 లక్షల నుంచి రూ.8 లక్షలు, మిగతా గాయాలకు శాతాన్ని బట్టి చెల్లింపు ఉంటుంది. దరఖాస్తును జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా యాసిడ్‌ దాడి బాధితులను ప్రత్యేక వర్గంగా గుర్తించింది.

జాతీయ నేర గణాంక సంస్థ 2014 నుంచి ఈ దాడులను, దాడి యత్నాలను విడివిడిగా లెక్కిస్తోంది. అయితే ఒక ఎఫ్‌ఐఆర్‌లో పలు సెక్షన్లుంటే అత్యధిక శిక్ష ఉన్న నేరం కిందే లెక్కలోకి వస్తుంది. బాధితురాలు మరణించి కేసు హత్యగా మారితే, యాసిడ్‌ దాడుల పట్టికలో అది కనిపించదు.

ఎఫ్‌ఐఆర్‌ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. అందులో 124 ఉందో లేదో కుటుంబ సభ్యులు అప్పుడే సరిచూసుకోవాలి. ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి తపాలా ద్వారా రాతపూర్వకంగా పంపవచ్చు. అక్కడా స్పందన లేకుంటే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.